మంగళవారం సంచి

పొద్దున ఏడు గంటలు. జపాను భర్త, పరాయి దేశం నుంచి వచ్చి ఆరేళ్లయిన భార్య భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు.

"మళ్లీ మూత తీయకుండానే సీసా పడేశావు."

"ఈ ఇంట్లో చెత్తకున్న మర్యాద నాకు లేదండీ."

"నవ్వులాట కాదు. పోయిన మంగళవారం, సీసాలు మాత్రమే బయట పెట్టాల్సిన రోజున, మన వీధి ఒనోదెరా తాతగారు వంటింటి చెత్త పెట్టారు. వీధిలో ఇంటింటికీ వెళ్లి వంగి క్షమాపణ చెప్పుకున్నారు."

"పెట్టినట్టు ఆయనకు గుర్తుందా?"

"లేదు. సంచి ఆయన గేటు ముందే ఉందట. మతి తప్పుతోందని భయపడి తనే కూతురికి ఫోన్ చేశారు. ఇవాళ పదింటికి ఆమె వచ్చి వృద్ధాశ్రమంలో చేర్చడానికి తీసుకెళుతుంది."

ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఆ సంచి నాది."

"ఏమిటీ?"

"రోజు పొరబడి, తొందరలో ఆయన గేటు ముందే పెట్టేశాను. పరాయిదాని పనే అంటారని నోరు విప్పలేదు."

"ఆయన మనింటికి వచ్చినప్పుడైనా చెప్పాల్సింది."

"నాకూ వంగి క్షమాపణ చెప్పారు. నేనూ తిరిగి వంగి, తలుపు వేసుకున్నాను."

"ఇప్పుడు బయటపడితే వీధిలో మన పరువు..."

"మీరు తినండి. నేను వెళ్లి ముందు ఆయనకు చెబుతాను. తర్వాత ఆయన ఎక్కిన ప్రతి గుమ్మమూ ఎక్కుతాను."