పదిహేడో అంశం

"నేను చేసింది పెద్ద పనేం కాదండీ. ఊరికే లేచి నిలబడ్డాను, అంతే. కానీ మన యూనివర్సిటీ సెనేట్‌లో లేచి నిలబడటమంటే మాటలా? కుర్చీకి అతుక్కుపోయి అలాగే రిటైరైనవాళ్ళే ఎక్కువ అక్కడ. బాబాయ్, ఇంకో టీ, మేడంకి కూడా. ఇవాళ ఆవిడకి ఇక్కడ ఆఖరి రోజు. ఆ అట్టపెట్టె బెంచీ మీద పెట్టండమ్మా, కింద తడి. ఆ రోజు లోపల ఏం జరిగిందో ఆవిడకి తెలీదు పాపం. ప్రశ్నలుంటే పిలుస్తామని వరండాలో కూర్చోబెట్టారు. వెళ్ళేముందు వినాలి కదా, తన తరఫున ఒకడు నిలబడ్డాడని."

క్యాంటీన్ వెనక బెంచీల మీద మాస్టారు, నేను, ల్యాబ్ అసిస్టెంటు, సైగల మేడం కూర్చున్నాం. నాది లైబ్రరీలో ఉద్యోగం. మాస్టారి కోతల్ని సగానికి సగం కోసుకుని వినడం నాకు అలవాటే. మేడం మాత్రం గ్లాసు పట్టుకుని తల వంచుకున్నారు. వినపడనివాళ్ళ సైగల్ని మాటల్లో చెప్పే మనుషుల్ని తయారు చెయ్యడానికి ఆవిడ రెండేళ్ళు కూర్చుని ఒక కోర్సు రాశారు. ఆవిడ తమ్ముడికి వినపడదు. ఒకసారి కడుపునొప్పితో ఆస్పత్రికి ఒక్కడే వెళ్తే, నొప్పి ఎక్కడో డాక్టరుకి అర్థమయ్యేసరికి ప్రాణం మీదికొచ్చింది. అందుకే ఆ కోర్సు. అది పోయింది, దాంతో ఆవిడ ఉద్యోగమూ పోయింది.

"సెనేట్‌లో ఒక పద్ధతుందండీ. చర్చ అక్కర్లేని చిల్లర అంశాలన్నీ ఒక జాబితాలో కట్టగట్టి ఒక్క దెబ్బకి ఆమోదించేస్తారు. మేడం కోర్సు వద్దన్న కమిటీ సిఫార్సుని తీసుకెళ్ళి ఆ జాబితాలో పదిహేడో అంశంగా దూర్చారు, సైకిల్ షెడ్డు రిపేరుకీ లైబ్రరీ వేళలకీ మధ్యన! ఎవరైనా చెయ్యెత్తి బయటికి తియ్యమంటే మటుకు విడిగా చర్చించి తీరాలి. ఎత్తాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందండీ?" అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు.

"చీమ చిటుక్కుమంటే ఒట్టు. వైస్ చాన్సలర్ గారి చేతిలో పెన్ను జారిపోయింది. ఇహ అందుకున్నాను చూడండి, ఒక గంట, రెండు గంటలు, మూడు..."

"గొంతు ఎండిపోలేదా?"

"ఎండింది నాది కాదు, విన్నవాళ్ళది! నాలుగొందల పేజీల అజెండా కట్ట, ఒక్క కాగితం తిప్పకుండా గడగడా అప్పజెప్పేశాను, మొదట్నుంచి చివరికి, మళ్ళీ చివర్నుంచి మొదటికి. ఈ కోర్సుకి ఎవరొస్తారండీ అని ఎగతాళి చేసిన డీన్ గారు వెక్కివెక్కి ఏడుస్తుంటే నా కండువా ఇచ్చాను. మూడో రోజుకి..."

"మీటింగు ఒంటిగంటకే అయిపోయిందటగా?" అన్నాను.

"గడియారం కూడా ఆగిపోయి విందయ్యా, అందుకని ఒంటిగంటే చూపించింది! మూడో రోజుకి సభ్యుల గడ్డాలు మోకాళ్ళ దాకా పెరిగాయి. గోడ మీద పాత వైస్ చాన్సలర్లు, ఎప్పుడో పోయినవాళ్ళు, ఫోటోల్లోంచి ముందుకి వంగి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు. ఓటింగ్ పెడితే సభ్యులు నలభై మంది, లేచిన చేతులు నూట పది! అందరూ రెండేసి చేతులెత్తారు మరి, ఫోటోల్లో వాళ్ళతో సహా."

"మాటలు కోటలు దాటుతున్నాయి మాస్టారూ," అన్నాను. ల్యాబ్ అసిస్టెంటు నవ్వబోయి, మేడం మొహం చూసి ఊరుకున్నాడు.

"అన్ని చేతులు లేస్తే కోర్సు ఎలా పోయిందండీ?" అన్నాడు టీ బాబాయి, గ్లాసులు కడుగుతూనే.

మాస్టారు "అదీ, పైనుంచి..." అని ఆగారు. మేడం గ్లాసు కింద పెట్టారు.

"మాస్టారూ, నా కుర్చీ తలుపు పక్కనే వేశారు. ఉక్కపోతకి తలుపు తీసే ఉంచారు. 'ఒకటి నుంచి ఇరవై రెండు దాకా, ఎవరికైనా అభ్యంతరమా' అన్నారు. మీరు పక్కాయన్ని, టీ ఇంకా రాలేదేమండీ అని అడుగుతున్నారు. 'ఆమోదించాం' అన్నారు. అందులో నాది కూడా ఉందని నాకు తెలీదు. పిలుస్తారు కదా అని ఫైలు ఒళ్ళో పెట్టుకుని ఇంకో రెండు గంటలు కూర్చున్నాను."

నాకు మాస్టారి మీద ఒళ్ళుమండింది, అంతలోనే ఆయన మొహం చూస్తే జాలేసింది.

"నాకూ తెలీదమ్మా," అన్నారాయన. అంత చిన్న గొంతు ఆయనకుందని నాకిన్నాళ్ళూ తెలీదు. "ఆ కట్ట నేను విప్పి చూడలేదు. కొత్త కోర్సులు ఎప్పుడూ చివర్లోనే కదా వస్తాయని, మీ కోసం పదకొండు పేజీలు రాసుకుని జేబులో పెట్టుకుని కూర్చున్నాను. మీ పేరు ఎప్పుడొస్తుందా, ఎప్పుడు లేద్దామా అని చూస్తూనే ఉన్నాను. సభ ముగిసింది అన్నారు. అడ్డమైనవాటికల్లా లేచి గంటలు గంటలు వాగినవాణ్ణి..."

మేడం లేచి అట్టపెట్టె రెండు చేతులతో ఎత్తుకున్నారు.

"ఆ రోజు ఇంటికెళ్ళగానే మా తమ్ముడు సైగ చేసి అడిగాడు, నీ గురించి లోపల ఒక్కరైనా మాట్లాడారా అక్కా అని. మాస్టారు గంటసేపు మాట్లాడారని చెప్పాను. వాడు నమ్మాడండీ. వెళ్ళేముందు మీకు దణ్ణం పెట్టి రమ్మన్నాడు."