ఎర్ర బండే ముందుంది

నాందేడ్‌లో ఆదివారం సాయంత్రం. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే ఉమాకాంత్ ఇంటికి, దెగ్లూర్ డిపోలో మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సు నడిపే బావ దేవన్న వచ్చాడు. రేపు పొద్దున ఆయనకు కంటి పరీక్ష. ఇరవై ఏళ్లుగా ఇద్దరూ ఫార్ములా రేసులు కలిసే చూస్తారు, కలిసే తగువులాడతారు. టీవీకి గొంతు పోయి నెలయింది కాబట్టి ఇప్పుడు బొమ్మ టీవీలో, చప్పుడు ఫోన్‌లో. ఇవాళ ఉమాకాంత్‌కు తగువులాడే ఓపిక అంతగా లేదు.

"గిది రేసే కాదు ఉమాకాంత్. ఒకని ఎన్క ఒకడు పోవుడే. పెండ్లి ఊరేగింపు లెక్క."

"గట్లనకు బావా. ఇప్పుడే మస్తు పోటీ ఉంది. అందరు ఒక్క సెకండు అటిటు ఉంటున్నరు. మునుపేముండె? గెలిచెటోడే గెలుస్తుండె. సగం బండ్లు ఇంజన్ కాలి నడిమిట్లనే ఆగుతుండె."

"ఆగితేనే కదా మజా. ఎవ్వడు ఎక్కడ ఆగుతడో దేవునికే ఎరుక. ఇగ ఆ సప్పుడు! కండ్లు మూసుకొని చెప్పేటోన్ని, ఎవని బండి వస్తుందో. ఇప్పుడు మిక్సీ తిరిగినట్టుంటది."

"సప్పుడుతోని ఏం పని. రేసు చూసెటందుకు."

"ఊఁ."

"దాటుడు కూడా మునుపటికంటే ఎక్కువనే ఉంది."

"గది దాటుడా? మీట నొక్కితే బండి ఎన్క రెక్క తెరుచుకుంటది, పోతరు. మా తొవ్వల నర్సీ ఊరి కాడ చెరుకు ట్రాక్టర్‌ను దాటాలంటే మాకే మీట ఉంది? గుండె ఉండాలె. గా కంటి కార్డు కింది వరుస ఇంకోపారి చెప్పు."

"నాలుగుసార్లు చెప్పిన."

"చెప్పరాదు."

"ఎఫ్, పి, టి, ఓ, జెడ్. బావా, జరంత మసక అంటివి. ఒక్క కింది వరుసనే అంటివి. మా దుకాణంల కార్డే దవాఖానోళ్ల కాడ ఉంటదని నోరు జారిన, నాదే తప్పు. నిజం చెప్పు, పై వరుసలు కానస్తున్నయా?"

"కానస్తయి. ఎఫ్, పి, టి, ఓ... జెడ్. నాలుగేండ్లే ఉంది రిటైర్‌కు. ఫెయిలైతే డిపో గేటు కాడ కూసోవెడ్తరు. స్టీరింగ్ పట్టిన చేతులు ఉమాకాంత్. గేటు ఎట్ల తెరుస్తయి?"

"గేటు తెరిస్తే తప్పా?"

"నీకు తెల్వదు. ఊకో."

"ఊకుంట. ఇగ మా బిడ్డ స్నేహల్ సెలవులకు అక్క తానికి వస్తనంటుంది. మంగళారం నీ బస్సులనే ఎక్కిస్త."

"నా బస్సుల ఎందుకు? సీట్లన్ని చిరిగినయి. వేరే దాంట్ల పంపుమని పొద్దుగాల ఫోన్లనే చెప్పిన కదా."

"చిన్నప్పటి సంది నీ ఎన్క సీట్లనే కూసుంటది. ఇంకో బస్సు అంటే అలుగుతది."

"అలగనియ్. నాది ఎప్పుడు లేటే. వేరే దాంట్ల పంపు. జర టీవీ వెలుగు తక్కువ చెయ్యి, కండ్లల్ల కొడ్తుంది."

"ఇగో. రిమోట్ యాడవోయింది... ఆఁ. ఇప్పుడు బాగుందా?"

"ఇప్పుడు బాగుంది."

"నువ్వు చూస్తుండు, నేను చాయ్ పెట్టుకొస్త."

"చక్కెర వెయ్యకు."

"ఎరుకే."

* * *

"ఇగో చాయ్. ఎవ్వరు ముందున్నరు?"

"గా ఎర్ర బండే."

"ఎన్కటోడు దగ్గరికొచ్చిండా?"

"యాడ వస్తడు. చెప్పలేదా నేను? ఒకని ఎన్క ఒకడు. ఇగ అయిపోయేదాక గింతే. మునుపటి రేసే రేసు."

"మంచిగ చూసి చెప్పు బావా. దాటలేదా ఎవ్వరు?"

"దాటలే అంటుంటే."

"బావా, పావుగంట సంది టీవీల రేసు లేదు."

"ఏందీ?"

"వెలుగు తక్కువ చేసుడు కాదు, ఛానలే మార్చిన. ఫోన్ల సప్పుడే రేసుది. టీవీల ఎడ్ల పందెం నడుస్తుంది, శంకర్‌పట్. కొట్లాడు బావా. ఏమన్న అను."

"ఏ జత ముందుంది?"

"తెల్ల జత."

"ఎర్రది లేదా?"

"నెత్తికి ఎర్ర పటకా కట్టుకున్న మనిషున్నడు ఒకడు. గంతే."

"గదే అయ్యుంటది."

"రోడ్డు ఎట్ల కానస్తుంది నీకు?"

"రోడ్డు చూసుడెందుకు? గీ తొవ్వల ఇరవై ఆరేండ్లాయె. నర్సీ కాడ గుంత, అది దాటినంక రెండు స్పీడ్ బ్రేకర్లు, అటెన్క మలుపు. అంత బట్టీ ఉంది."

"మనుషులు కూడా బట్టీ ఉన్నరా బావా? రోడ్డు దాటెటోళ్లు?"

"కండక్టర్ స్వప్నిల్ ముందట్ల నిలవడ్తడు. అన్నా, ముసలమ్మ ఉంది, అన్నా, మేకలున్నయి అని చెప్తడు. మంచోడు. డిపోల ఎవ్వనికి చెప్పలే."

"చెరుకు ట్రాక్టర్‌ను ఎట్ల దాటుతున్నవ్ మరి?"

"దాటుతలేను. దివాళి సంది ఎవ్వన్ని దాటలే. దాని ఎన్కనే పోత. అందుకే నాది ఎప్పుడు లేటు."

"అక్కకు ఎరుకేనా?"

"సూదిల దారం ఎక్కియ్యలేనప్పుడు ఒకనాడు చూసింది. ఏమన్లే."

"నాకన్న చెప్తే ఏమాయె? అద్దాల పని చేసెటోన్ని. నాతోని అక్షరాలు చెప్పించుకుంటివి, నేను చెప్పుకుంట పోతి. మంగళారం నా బిడ్డ గా బస్సులనే ఎక్కుతుండె. ఒక్క మాట చెప్పకపోతివి."

"చెప్పలేదా? పొద్దుగాల సంది మూడుసార్లు చెప్పిన, పోరిని నా బస్సుల పంపకుమని. నువ్వే రేసు చూసుకుంట కూసున్నవ్."