అరటినార కోటు

కుట్టుగదిలో ఉదయపుటెండ కలలోలా మెల్లగా పరుచుకుంటోంది. తోలుకోట్లు కుట్టడంలో పేరు మోసిన తండ్రి, పదేళ్ల తరవాత కూతురి గడప తొక్కాడు.

“ఇది ఏ జంతువు తోలమ్మా? నీళ్లను నిమిరినట్టుంది.”

“దేనిదీ కాదు నాన్నా. అరటినార.”

“జీవాన్ని చంపని కోట్లే కుడతానని నువ్వెళ్లిపోతే, గొప్పింటివాళ్లు నారబట్ట తొడుగుతారా అని నవ్వాను.”

“తొడుగుతున్నారు. రేపటి ప్రదర్శనలో మొదటి కోటు ఇదే.”

ఆయన కళ్లు మూసుకుని కోటును నిమురుతూ ఉండిపోయాడు.

“ఆ మూగజీవాలు నా కలలోకి వచ్చి నిలబడేవమ్మా. ఏమీ అనేవి కావు, ఊరికే చూసేవి. మీ అమ్మకి కూడా చెప్పుకోలేదు.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

“చెయ్యి వదులు. కోటు ఎడమ భుజం కాస్త జారింది. సూది ఇలా తే.”