ఆదివారం గది తాళంచెవి

సభకు పెద్దగా కూర్చున్న మా సమాజం అధ్యక్షుడు మురళీధర్ సేటుకు, ఆయన పక్కన చద్దరు కప్పుకొని, ఎటు చూడాలో తెలియక దండలో పూరేకులు గిల్లుతున్న మా జయశ్రీబాయికి, ముందు వరసలోని జోడ్‌భావి పేట్ పెద్దలకు, ఆకూ తంబాకూ పక్కనపెట్టి, చేతులు కడుక్కొని మన బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చిన నా అక్కచెల్లెళ్లకు, ఈ యల్లమ్మ నమస్కారం. నాకు అక్షరం రాదు. నేను చెప్పేది చెప్పినట్టు రాసుకోమని మా మనవరాలు ప్రణాలిని ఇక్కడ కింద కూర్చోబెట్టాను. ఎందుకంటే ఈ రోజు ఈ హాల్లో ఒక మాట తేలాలి, తేలిన మాట కాగితం మీద ఉండాలి.

ఆ మాట తర్వాత. ముందు బాయి సంగతి.

జయశ్రీబాయి మన షోలాపూర్ భవాని పేట్ ఆడపడుచు. ఐటీఐలో కరెంటు పాఠాలు చెప్పేది. ఆదివారం వస్తే ఇంటి దగ్గర కాళ్లు చాపుకొని కూర్చోకుండా, ఈ హాలు వెనక గదిలో చాప పరిచి, పాడైన టార్చో, రేడియోనో, పిల్లల ఆటబొమ్మో పట్టుకొని ఎవరొస్తే వాళ్లతో విప్పించి, లోపల ఏముందో చూపించి, వాళ్ల చేతులతోనే మళ్లీ బతికించేది. వచ్చినవాళ్లకు ఏమొచ్చు, ఏం చదివారు అని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు రిటైరై, లాతూరులో అక్క దగ్గర ఉండటానికి వెళ్తోంది. అందుకే ఈ సభ.

నేను ఆ గదికి నేర్చుకోవడానికి వెళ్లలేదు, కొట్లాడటానికి వెళ్లాను. (నవ్వులు) నవ్వండి, నవ్వండి. మా పక్కింటి శాంత ఆ గదిలో వేలు కాల్చుకొని వచ్చింది. బీడీలు చుట్టే మనిషికి వేలు కాలితే ఏమవుతుందో మీకు చెప్పాలా? చాట పక్కకు నెట్టి వచ్చి, గడప దగ్గర నిలబడి అరిచాను. "ఏం బాయీ, మా ఆడోళ్ల ఏళ్లు కాలవెడితె బీడీలు నువ్వు చుడ్తవా?"

బాయి తల ఎత్తి చూసింది. "నాకు చుట్టరాదత్తా, నువ్వు నేర్పుతె చుడ్త. గప్పటిదాక జర కూసోని గీ తీగ పట్టుకో" అంది. పట్టుకున్నాను. ఇంకా వదల్లేదు.

ఆ రోజు తలా ఒక తెగిన తీగ ఇచ్చింది. అతికితే చిన్న బల్బు వెలగాలి. తెగినదాన్ని అతకడం నాకు కొత్తా? చిన్నప్పటి నుంచి మగ్గం ఇంట్లో కండెలు చుట్టినదాన్ని. వేళ్లు తడి చేసుకొని, సాలెముడి వేసి, కొస పంటితో కొరికి పడేశాను. బల్బు వెలగలేదు. "బాయీ, నీ బల్బు సచ్చింది" అన్నాను. పక్కకు చూస్తే, నా వెంటే వచ్చి కూర్చున్న శాంతదీ వెలగలేదు, ఎదుటి ఆమెదీ వెలగలేదు. ఏమిటా అని చూస్తే, చాప మీద కూర్చున్న ఆడవాళ్లందరం ఒకటే ముడి వేశాం, ప్లాస్టిక్ తొడుగు తీయకుండానే!

ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్లు. బాయి నా ముడిని రెండు చేతులా పట్టుకొని గుంజింది, మళ్లీ గుంజింది, అది కదలలేదు. "తీగ తెగుతది గని గీ ముడి ఊడది. గింత మంచి ముడి మా కాలేజీల ఎవ్వరికి రాదు. కని అత్తా, లోపటి రాగి రాగికి తాకాలె. దానికి అంగీ తొడిగి కౌగిలిచ్చుకోమంటె ఎట్ల?" అంది. (నవ్వులు) చెవుల దాకా ఎర్రబడ్డాను. కానీ తొడుగు తీసి మళ్లీ అదే ముడి వేశాను. దాని మీద సోల్డర్, అదే కరిగించిన సీసం, పెట్టించింది. బల్బు వెలిగింది. మాకు వచ్చిన పని తప్పని చెప్పకుండా, దాని మీదనే కొత్త పని పెట్టి నేర్పిన మనిషి ఈమె.

ఇప్పుడు మా ఇంటాయన సంగతి చెప్పాలి. అదిగో, ఆ గోడవారగా తెల్ల టోపీ. పేరు చెప్పకూడదంటారు. ఆయనకు ఎలాగూ వినబడదు గనుక చెప్తున్నాను: ఆంజనేయులు. (నవ్వులు) జీవితమంతా పవర్‌లూమ్ మీద నిలబడ్డాడు. మగ్గాల మోత ఆయన చెవులు రెండూ తీసుకుపోయింది. నేను బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్తే మేకలు జొరబడతాయని గడియ పెట్టుకునేవాడు. నేను తిరిగొచ్చి తలుపు బాదితే వాడకట్టంతా బయటికొచ్చేది, ఆయన తప్ప. ఒకసారి అలా ఎండలో చాలాసేపు నిలబడిపోయాను. ఆ తర్వాత నుంచి, నేను బయటికి వెళ్తే చాలు, ఆయన తలుపు తెరిచి గడప మీదే కూర్చునేవాడు. మన షోలాపూర్ ఎండ మీకు తెలుసు. లోపల పడుకోమంటే వినడు. "నువ్వొచ్చి నిలవడ్తె నాకెట్ల ఎర్కయితది?" అనేవాడు.



బాయికి చెప్పుకున్నాను. "తలుపుకు బటన్ పెట్టు, ఆయన మంచం దగ్గర బల్బు పెట్టు" అంది. తను చేసివ్వలేదు, నాతో చేయించింది. బ్యాటరీ సెల్లు తిరగేసి పెట్టాను, తీగ ఎలుక కొరికింది, మళ్లీ అతికాను. చివరికి ఒక మధ్యాహ్నం కార్ఖానా నుంచి వచ్చి బటన్ నొక్కాను. లోపల గడియ తీసిన చప్పుడు. తలుపు తెరిచి, "నువ్వేనా? ఎవలో సుట్టమనుకున్న" అన్నాడు. "నేను గాక ఇంకెవలొస్తరు నీకు?" అన్నాను. గట్టిగా అన్నాను గానీ, లోపలికెళ్లి కొంగు కళ్లకు అద్దుకున్నాను. ఇప్పుడాయన ఎండలో కూర్చోడు, నీడన పడుకుంటాడు. బాయీ, ఈ మాట నీకు ఇంతకుముందు చెప్పలేదు. కొట్లాట వచ్చినంత తొందరగా నాకు ఇలాంటి మాటలు రావు.

ఇక తేలాల్సిన మాట. ప్రణాలీ, సరిగా రాసుకో.

మురళీధర్ సేటుకు నేను ముందు దండం పెడతాను. ఆ గది ఇచ్చింది ఆయన, బల్ల ఇచ్చింది ఆయన, ఏనాడూ కరెంటు బిల్లు గురించి మాట అనలేదు. కానీ మొన్న నన్ను పిలిచి ఏమన్నాడు? "బాయి పోతున్నది గద అత్తా, ఇగ క్లాసు ఎవలు చెప్తరు? గా గదిల పెండ్లి వంట గిన్నెలు పెట్టుకుంటం. సభల తాళంచెవి నా చేతికియ్యి" అన్నాడు. ఇదిగో, బాయి నాకు అప్పగించిన తాళంచెవి, నా నడుముకే ఉంది. మైకు నాకిచ్చింది కూడా అందుకే.

మురళీ, నీ పుట్టువెంట్రుకల నాడు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకున్నదాన్ని, నా కొత్త చీర నువ్వు తడిపినా ఏమీ అనలేదు, (నవ్వులు) అందుకని ఇప్పుడు నేనొకటి అంటే నువ్వు వినాలి. గిన్నెలు ఇన్నాళ్లూ వరండాలో ఉన్నాయి, ఏ గిన్నె వచ్చి నీతో కష్టం చెప్పుకుంది? వానలప్పుడు బాయి మోకాలు వాచి కింద కూర్చోలేకపోతే, కొత్తగా వచ్చినవాళ్ల పక్కన కూర్చుని చేయి పట్టి నేర్పింది ఎవరు? శాంత. శాంతా, స్తంభం వెనక దాక్కోకు, చీర కొంగు కనబడుతోంది. పొద్దున ఈ మైకు డబ్బా కప్పలా గురగురమంటే విప్పి బాగుచేసింది ఎవరు? ఆఖరి వరసకు నా గొంతు వినబడుతోందా? వినబడితే అది శాంత పెట్టిన అతుకు. రానిది ఎదురైతే ఫోన్‌లో చెప్తానని బాయి మాట ఇచ్చింది. ఇంకేం కావాలి?

తల ఊపితే కుదరదు మురళీ, ప్రణాలి తల ఊపడం రాసుకోలేదు. ఇక్కడికి వచ్చి మైకులో చెప్పు.

(అధ్యక్షులు మైకు దగ్గరికి వచ్చి: "సరే అత్తా. గిన్నెలు మా గోదాముకు పంపిస్త. గది మీదే. కని శాంత నిజంగ చెప్తదా?" స్తంభం వెనక నుంచి శాంత: "చెప్త... గని మైకుల చెప్ప!" నవ్వులు, చప్పట్లు)

రాసుకున్నావా ప్రణాలీ? ఇద్దరిదీ రాసుకో. శాంతా, వచ్చి ఈ తాళంచెవి తీసుకో. సేటూ, నీ మనసు పెద్దది. అది నేను ముందే ఎరుగుదును, అయినా మైకులో చెప్పించాను, కోపం పెట్టుకోకు.

జయశ్రీబాయీ, నీకు మన ఊరి చద్దరు కప్పాం, దండ వేశాం. అవి ఎవరికైనా వేస్తారు. నేనొక్క మాట చెప్పి పంపుతాను. లాతూరులో నువ్వు ఊరికే కూర్చోవు, ఏ వసారాలోనో చాప పరుస్తావు. అక్కడ కూడా నాలాంటిది ఒకతి కొట్లాడటానికి వస్తుంది. ఏమీ అనకు. ఆమె చేతికి ఒక తీగ ఇవ్వు.

వచ్చిన పెద్దలకు, చాయ్ పోసిన పిల్లలకు, నా నోటిని ఇంతసేపు భరించిన మీ అందరికీ దండాలు. మా ఇంటి బల్బును పొద్దున శాంత విప్పుకొచ్చి మా ఇంటాయన కుర్చీకి కట్టింది, బటన్ ఇదిగో నా చేతిలో ఉంది. అది వెలిగినప్పుడు నేను ముగించానని, బాయికి చప్పట్లు కొట్టాలని ఆయనకు సైగ చేసి చెప్పాను. ఈ హాల్లో మొదటి చప్పట్లు ఒక్క మాట కూడా వినని మనిషివి కావాలి. ఆయన తర్వాతే మీరు. నొక్కుతున్నాను.

అదిగో, లేచాడు. సెలవు.