జరుగక్క

అక్కలారా, అన్నలారా, ఆస్పత్రి పెద్దలారా, ముందు వరసలో తల వంచుకుని కూర్చున్న అక్క తమ్ముడుగారూ,

ఇంతమందిమి వచ్చాం. కానీ కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎంత ఎడం పెట్టుకున్నామో చూడండి. ఇందాక ఎవరో గొంతు సవరించుకుంటే అందరం తిరిగి చూశాం. అక్కను పొట్టన పెట్టుకున్న జ్వరం ఇంకా ఈ భవనంలోనే ఉంది. భయంగా లేదని మీలో ఎవరైనా అనగలరా? అక్కతో కలిసి పనిచేసిన నర్సును, నేను అనలేను.

పిల్లల వార్డులో ఆవిడ అందరికీ జరుగక్క. ఆ పేరెలా వచ్చిందో తమ్ముడుగారికి తెలుసు. చిన్నప్పుడు అక్కకు గొంతులో పొర కట్టే జబ్బు చేసింది. విడిగా ఒక గదిలో పడుకోబెట్టారు. అమ్మానాన్నలను లోపలికి రానివ్వలేదు. చూడవచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలోనే నిలబడి "భయపడకు, భయపడకు" అన్నారట. అలా అంటూ ఒక్కరూ దగ్గరికి రాకపోతే ఆ పసిదానికి ఇంకెంత భయం వేసి ఉంటుంది? చివరికి ఒక నర్సమ్మ వచ్చి మంచం పక్కన నిలబడింది. "నాకూ భయంగానే ఉందమ్మా. కాస్త జరుగు, నేనూ కూర్చుంటా" అందట. అక్క నర్సు కావాలనుకున్నది ఆ రోజే. నర్సయ్యాక ప్రతి పిల్ల మంచం దగ్గరా తానూ ఆ "జరుగు" మాటే అనేది.

అక్కది గుండె ధైర్యం అనుకుంటున్నారా? భలేవారే! బల్లి కనబడితే కెవ్వుమని కుర్చీ ఎక్కేది. సూది వద్దంటూ ఒక పిల్లాడు మంచం కింద దూరితే, "జరగరా, నాకూ సూదంటే భయమే" అంటూ తానూ దూరింది. నర్సేదని వార్డంతా వెతికిన డాక్టరుగారికి మంచం కింద రెండు జతల కాళ్లు కనిపించాయి.

ఈ జ్వరం గదిలోకి మొదట వెళ్లింది అక్కే. జ్వరం అంటకుండా బట్టల మీద వేసుకునే గౌనుకు వెనక ముడి నేనే వేశాను. వేళ్లకు ఆవిడ వీపు వణుకు తెలుస్తోంది. "గట్టిగా వెయ్యవే, లేకపోతే పారిపోతాను" అంది.

ఆ గదిలో ఒక పాప ఇంకా ఉంది. అక్క లేదని దానికి తెలియదు. పొద్దున తలుపు అద్దంలోంచి చూశాను. గోడకు ఆనుకుని, సగం మంచం ఖాళీగా ఉంచి పడుకుంది. ఎవరి కోసమో నేను చెప్పాలా?

ఈ సభ కాగానే ఆ గదిలోకి నేను వెళ్తున్నాను. అక్క ఏదని అడుగుతుంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. భయపడకు అని మాత్రం దానితో అనను.

అప్పుడు మీలో ఒకరు నాతో రండి. గౌను ముడి వెయ్యాలి. గట్టిగా వెయ్యండి.

ఇక లేవండి. ఆ గది వైపు తిరిగి, అక్క కోసం మాటల్లేకుండా నిలబడదాం.