లాక్ అరిగిన చాకు

దగ్గరికి జరగవే అక్షితా, నిన్న నాంపల్లిలో ఏమైందో చెబుతాను. పెట్టెలో పడున్న మీ తాత మడత చాకు రిపేరుకిచ్చాం. తెరిచాక చాకు మడుచుకోకుండా ఆపే లాక్ విరగలేదు, ఎవరో ఆకురాయితో అరగదీశారన్నాడు రిపేరతను. తాత నావైపు తిరిగాడు.

“నువ్వేనా?”

“ఔ. మీ తమ్ముణ్ని పొడుస్తనని ఆబిడ్స్‌ల ఆయన దుకాణానికి పోయిన్రు గదా, ఆ పొద్దుగాలనే అరగదీసిన.”

“పొడవబోతే మడుసుకపోయి నా చెయ్యే తెగింది. ఏడు కుట్లు.”

“దవాఖానకు ఎవరు తీస్కపోయిన్రు?”

“...వాడే.”

“మరి?”

“ముప్పై ఏండ్లు చెప్పలేదేందే?”

“చెప్తే బాగు చేయిస్తరని.”

“అప్పుడైతే చేయించేటోణ్నే.”

ఆయన తన వేళ్ల మీది కుట్ల మచ్చలు తడుముకున్నాడు. తర్వాత, “గిట్లనే ఉండనియ్యి” అని చాకు వెనక్కి తీసుకున్నాడు.

గుర్తుపెట్టుకో తల్లీ. ఆ తమ్ముడే మీ చిన్నతాత. ఆయన మనవలకు నువ్వే చెప్పాలి.