మలీద చేసిన గట్టు

హలో… మంజులక్కా? ఆ, నేనే, నవనీతను… దవాఖానకు చేరిన్రా? పిల్ల ఎట్లున్నది?

…

ఇంక చొంగ కారుతనే ఉన్నదా? పెదవులు?… అయ్యో, గంతగనం ఉబ్బినయా! నా తల్లే… ఏడుస్తాంది గదా, ఇనవడుతాంది. బావ ఎత్తుకున్నడా?… డాక్టర్ ఏమన్నడు?… ఇంక చూడనే లేదా? బయటనే కూసున్నరా?

నేనా… ఇంట్లనే ఉన్న. … ఆ, బతుకమ్మ పేర్సుడైంది. … లేదు, మలీద ముద్దలు ఎవ్వరికీ పంచలే. మొత్తం పారబోసిన. … ఎందుకంటే…

అక్కా, ఆగు. ఫోన్ బావకు ఇయ్యకు, నువ్వే ఇను. ఒక మాట చెప్పాలె…

మల్లికకు గిట్లయింది నువ్వన్నట్టు అత్తమ్మ తంబాకు చేతులతోని కాదక్కా. … కాదు, నేనేం ఎనకేసుకొస్తలేను. … గౌరమ్మకు పెట్టకముందు తినిపించినందుకు గూడ కాదు! నాలుగేండ్ల పిల్ల మీద గౌరమ్మకు కోపమొస్తదా? … పిల్ల మారాం చేస్తే అత్తమ్మ ఓ ముద్ద నోట్ల పెట్టింది, అంతే. తప్పు ఆ ముద్దలనే ఉన్నది. ముద్ద చేసింది నేను.

… చెప్తున్న, చెప్తున్న. నిన్న పొద్దుగూకి బతుకమ్మకని చెల్కల కెళ్లి గునుగుపువ్వు కోసుకొచ్చిన గదా? తడిబట్టల చుట్టి, సల్లగుంటదని వంటింట్ల గట్టు మీద పెట్టిన. … ఆ, రొట్టెలు చేసే గట్టు మీదనే. … తెల్సక్కా. కాళ్లు కడుక్కోకుంట వంటింట్లకొచ్చినవని మొన్న నీ మీదనే లొల్లి పెట్టిన. యాదికున్నది. … తిట్టు. తిట్టుకుంటనే ఇను.

పొద్దున మూట ఇప్పితే గట్టు మీద గొంగళి పురుగులు. … ఒకటా రెండా! చీపురుతోని ఊడ్చి పెరట్ల పారేసిన. ఒకటి మాత్రం… రొట్టెల కట్టె కింద నలిగింది. మసిగుడ్డతోని తుడిచిన.

… కడగలే. … సబ్బు గూడ పెట్టలే. బయట అందరు పిలుస్తున్నరు, నీ పేర్సుడు ఇంక కాలేదా అని. గట్టు చూస్తే మంచిగనే కనవడ్డది. దాని మీదనే రొట్టెలు చిదిమిన, బెల్లం కలిపిన…

…

అక్కా, ఇంకున్నది, ఇను.

… పిల్ల పెదవులు చూడంగనే నాకు పురుగే యాదికొచ్చింది. నువ్వు అత్తమ్మను అంటుంటే తలుపు కాడనే నిలవడ్డ. మీరు ఆటో ఎక్కేదాక నోరు పెగలలే. నవనీత వంటిల్లంటే అద్దం లెక్కుంటదని పేరు గదా నాకు! ఆ పేరు పోతదని… థూ, నా బతుకు! మీరు పోయినంక ముద్దలు ఇరిచి చూసిన. బెల్లంల సన్న సన్న వెంట్రుకలు…

డాక్టర్‌కు చెప్పక్కా! గిప్పుడే చెప్పు. గొంగళి పురుగు వెంట్రుకలని చెప్పు, నోట్ల లైటేసి చూడమను. … పేరు పిలిచేదాక ఆగుడేంది, లోపటికి దూరు! ఫోన్ పెట్టకు, నేను లైన్లనే ఉంట.

…

…

ఆ… ఇంటున్న, ఇంటున్న. … దొరికినయా? నాలుక మీదనా? … చిమ్టాతోని తీస్తున్నరా… గట్టిగ పట్టుకో బిడ్డను. ఏడవనీ… గొంతులకు పోయినయా? … పోలేదా? అమ్మా, గౌరమ్మా! … సూది ఇచ్చిన్రా. … ఇయ్యాల్ల అక్కడనే ఉండుమన్నడా? సరే, సరే. బట్టలు పంపిస్త.

… గట్టా? కడిగిన. ఉడుకు నీళ్లు పోసిన, సబ్బు పెట్టి రుద్దిన, మల్ల రుద్దిన. కట్టె, పీట, తాంబాలం అన్ని కడిగి ఎండకు పెట్టిన. మసిగుడ్డ కాలబెట్టిన. … అవునక్కా, చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే. నువ్వన్నది నిజమే.

… ఇంకేమన్న అను అక్కా. యారాలివని ఏనాడు పరాయిదాని లెక్క చూడలే నువ్వు. నీ బిడ్డకే నేను…

… ఏం చప్పుడు? … నల్లా నీళ్ల చప్పుడక్కా. … అత్తమ్మ.

మీరు పోయినప్పటిసంది చేతులు కడుగుతాంది. నీ మాట పట్టుకున్నది గదా. తంబాకు డబ్బి మోరిల పారేసింది. గిన్నెలు తోమే పీసుతోని రుద్దుకుంటాంది, తోలు లేస్తాంది. … చూసిన. చూసుకుంట గూడ చెప్పలే. ముందుగాల నీకు చెప్దామని…

… వద్దు, నువ్వు చెప్పకు. ఫోన్ ఆమెకియ్య. నేనే చెప్త. … తిడితే తిట్టనీ. వాడకట్టంత చెప్తే చెప్పనీ. ఒక్క నిమిషం…

అత్తమ్మా! నల్లా బంద్ చెయ్యి… ఇగ చాలు. … మల్లికకు పానం నిమ్మలమైంది. … గౌరమ్మకు కోపం లేదు, ఏం లేదు. నీ చేతులల్ల ఏం లేదత్తమ్మా. పురుగు నలిగిన గట్టు మీద మలీద చేసింది నేను. నువ్వు మాట పడుతుంటే సప్పుడు చెయ్యకుంట నిలవడ్డది గూడ నేనే. …

తిట్టు అత్తమ్మా… గట్ల చూడకు. … ఏంది? చేతులెందుకు గుంజుతున్నవ్? …

హలో… ఉన్నవా అక్కా… తిడ్తలేదు. పురుగు వెంట్రుకలు తాకి నా చేతులకు దద్దులు తేలినయి, గవి చూసింది. కూసో బిడ్డా, కొబ్బరినూనె రాస్త అంటాంది… ఆమె చేతులేమో ఎర్రగ వాసి ఉన్నయి… నాతోని ఐతలేదక్కా. పెట్టేస్తున్న.